రాళ్ల బీరువా తూకానికి వేసే ముందు: పాఠ్యాంశాలు నిర్ణయించే పెద్దలకు ఒక రిటైర్డ్ మాస్టారి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు,

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో ఏ కోర్సు ఉండాలో, ఏది పోవాలో, ఏ పేపర్లో ఏ యూనిట్ చేర్చాలో తేల్చేది మీరు. అందుకే ఈ ఉత్తరం మీకు. నేను ముప్పై ఏళ్లు జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఉంటున్నాను. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. ఒకవేళ ఫిర్యాదే అనుకుంటే అందులో మొదటి ముద్దాయిని నేనే.

మొన్న వేసవిలో, ఒకప్పుడు నేను పాఠం చెప్పిన కళాశాల నుంచి అటెండరు ఫోను చేశాడు. "మాస్టారూ, మన రాళ్ల బీరువా తీసేస్తన్నారు. గది కంప్యూటర్లకి కావాలట. బీరువా ఇనుము తూకానికేసేస్తారు. రాళ్లేటి సెయ్యాలో ఎవలికీ తెలీదు. ఓపాలి వచ్చి సూసుకుంటారేటి?" అన్నాడు. జియాలజీలో చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోయి చివరికి కోర్సే ఎత్తేశారు. ఆ సంగతి నాకు తెలుసు. బీరువా సంగతి మాత్రం తట్టలేదు.

వెళ్లాను. రెండు వందల పైచిలుకు నమూనాలు. ఒక్కోదానికీ అట్టముక్క లేబులు. కొన్ని నా చేతిరాత, ఎక్కువ భాగం నాకంటే ముందు పనిచేసినవాళ్ల గుండ్రటి రాత. అటెండరు ఒక్కో రాయీ తీసి గుడ్డతో తుడిచి గోనె మీద పెడుతున్నాడు. ఒక లేబులు దగ్గర ఆగి కూడబలుక్కుని చదివాడు. "కో...డూ...రైట్. మాస్టారూ, ఈ కోడూరంటే మన కోడూరేనేటి?" మనదేనన్నాను. గరివిడి పక్కనున్న ఆ కోడూరే. "మరి మా బుల్లోడు మీ దగ్గిరే సదివినాడు కదా, ఆడికెప్పుడూ సెప్పలేదేటి?"

సమాధానం లేకపోయింది. చెప్పలేదా అంటే చెప్పాను. "పొటాష్ ఫెల్‌స్పార్, మాంగనీసు గార్నెట్, అపటైట్ కలిసిన శిల" అని, రెండు మార్కుల ప్రశ్నకి సరిపడా చెప్పాను. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, పెట్టిన మనిషి చెప్పిన మాట నిలబడిందా లేదా అన్నది ఒక్క ఏడాది కూడా చెప్పలేదు. సిలబస్‌లో లేదు. సిలబస్‌లో లేనిది చెబితే పోర్షన్ పూర్తికాదు. మీకు తెలియంది కాదు.

ఆ కథ ఇప్పుడు మీకు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే. 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, అంటే ఇప్పటి మన విజయనగరం నేల మీద. ఆ తర్వాత పదేళ్లకి, 1902లో, లూయిస్ లీ ఫెర్మర్ అనే ఇరవై రెండేళ్ల ఇంగ్లీషు కుర్రాడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగానికి చేరాడు. దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నీ తిరిగి చూసి 1909లో వెయ్యి పేజీలు దాటిన గ్రంథం అచ్చువేయించాడు. కోడూరు గనుల్లో అతనికి ఎక్కడా చూడని రాళ్లు కనిపించాయి. వాటికి ఊరి పేరే పెట్టి కోడూరైట్ అన్నాడు. గరివిడిలోనూ, నాగపూర్ వైపూ దొరికిన మరో ఖనిజానికి తన తోటి ఉద్యోగి పేరు మీద వ్రెడెన్‌బర్గైట్ అని పెట్టాడు. మనవాళ్లు తట్టలతో మోసిన రాయి అలా లండన్ పుస్తకాల్లోకి ఎక్కింది.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది. కోడూరైట్ కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిన అగ్నిశిల అని ఫెర్మర్ వాదన. అమెరికాలో విట్‌మన్ క్రాస్ అనే పెద్ద శిలాశాస్త్రవేత్త 1914లోనే దాన్ని ప్రశ్నించాడు. తర్వాత తరాలవాళ్లు ఇది మాంగనీసు ఉన్న పాత అవక్షేపాలు విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయి, గ్రానైటు ద్రవంతో కలగాపులగమై ఏర్పడిన సంకర శిల అన్నారు. పేరు మిగిలింది, పేరు వెనకున్న వాదన ఓడిపోయింది. అయినా ఫెర్మర్ మూర్ఖుడు కాడు. అప్పటికి కంటికి కనిపించిన ఆధారాలతో ఆలోచించాడు. తర్వాత జియలాజికల్ సర్వేకి డైరెక్టరయ్యాడు, రాయల్ సొసైటీ సభ్యుడూ అయ్యాడు. ఇంత తెలివైన మనిషి ఎక్కడ పొరబడ్డాడు, ఆ పొరపాటు ఎలా బయటపడింది? మాంగనీసు గార్నెట్ ఫార్ములా కంటే ఈ ప్రశ్న మా పిల్లలకి ఎక్కువ పనికొచ్చేది. నేను ఫార్ములా ఒక్కటే చెప్పాను.

ఈ ప్రశ్ననే వృత్తిగా చేసుకున్న ఒక భూగర్భ శాస్త్రవేత్త గురించి రిటైరయ్యాకే నాకు వివరంగా తెలిసింది. పేరు నయొమీ ఒరెస్కెస్. 1958లో న్యూయార్క్‌లో పుట్టింది. లండన్ ఇంపీరియల్ కాలేజీలోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి 1981లో డిగ్రీ తీసుకుని, నేరుగా గని ఉద్యోగానికి వెళ్లింది. అదీ ఎక్కడ? దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో, ఒలింపిక్ డ్యామ్ అనేచోట. రాగి, యురేనియం, బంగారం కలిసి ఉన్న బ్రహ్మాండమైన నిక్షేపం అది. పైన మూడు వందల మీటర్లకు మించి పనికిరాని రాయి. దాని కిందకి డ్రిల్లు దించితే 1975లో ఖనిజం తగిలింది. పైనుంచి చూస్తే ఏ ఆనవాలూ ఉండదు. తెలిసిన పుస్తకాల్లో దానికి పోలిక లేదు. అలాంటిచోట పనిచేసిన మనిషికి "మనకి తెలుసు అనుకుంటున్నది మనకి ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న పుట్టడంలో వింత లేదు.

మా నాన్న మాంగనీసు గనిలో రాయి ఏరే మేస్త్రీ. రాయిని అరచేతిలో ఎగరేసి బరువు చూసి "ఇది సరుకు, ఇది దిబ్బకి" అనేవాడు. ఎలా తెలుసు నాన్నా అంటే "సెయ్యి సెప్పుద్దిరా" అనేవాడు. లేబొరేటరీ రిపోర్టు వచ్చాక చూస్తే చాలాసార్లు ఆయన చెప్పిందే. కొన్నిసార్లు కాదు. ఆ కొన్నిసార్లు ఎందుకు కాలేదని నేనెప్పుడూ అడగలేదు. చరిత్రకారుడు అడగాల్సింది సరిగ్గా అదే.

ఒరెస్కెస్ మూడేళ్లు గనిలో పనిచేసి స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్లింది. 1990లో వచ్చిన ఆవిడ పీహెచ్‌డీలో రెండు కాళ్లూ ఉన్నాయి. ఒకటి ఒలింపిక్ డ్యామ్ రాళ్ల మీద, రెండోది శాస్త్ర చరిత్ర మీద. మన దగ్గర అలాంటి పిల్ల దొరికితే "ఏదో ఒక డిపార్ట్‌మెంట్ తేల్చుకో అమ్మా" అని గైడు దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరూ తిప్పుతారు. మన సంగతి అలా ఉంచండి.

ఆవిడ పట్టుకున్న చరిత్ర ప్రశ్న ఇది. ఖండాలు కదులుతాయని జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పాడు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు ఆ మాటను దాదాపు యాభై ఏళ్లు ఒప్పుకోలేదు. వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1960లు ముగిసేసరికి అందరూ ఒప్పుకున్నారు. మరి అన్నాళ్లు ఎందుకు కాదన్నారు? "ఖండాలను కదిలించే శక్తి ఏదో వెగెనర్ చెప్పలేకపోయాడు, అందుకని" అని మేమందరం క్లాసులో చెప్పుకుంటూ వచ్చాం. నేనూ అదే చెప్పాను. ఒరెస్కెస్ పాత కాగితాలు తిరగేసి, అది సరిపోయే సమాధానం కాదని చూపించింది. భూమి లోపలి పదార్థం వేడికి మెల్లగా పొర్లుతుందనీ, ఆ ప్రవాహమే ఖండాలను మోస్తుందనీ ఇంగ్లండులో ఆర్థర్ హోమ్స్ 1920లు ముగిసేలోపే చెప్పాడు. శక్తి దొరికింది. అయినా అమెరికన్లు వినలేదు. ఎందుకంటే వాళ్ల పని పద్ధతికి అది పొసగలేదు. ముందు సిద్ధాంతం చెప్పి ఆధారాలు తర్వాత ఏరుకునేవాణ్ణి వాళ్లు నమ్మరు. పైగా కొండల బరువు కింద ఎలా సర్దుకుంటుందో చెప్పే ఒక నమూనాతో వాళ్లు అప్పటికే లెక్కలు కట్టుకున్నారు. ఖండాల కదలికను ఒప్పుకుంటే ఆ లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఆ నమూనా పుట్టింది ఎక్కడో తెలుసా అండీ? మన దేశంలో. తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి వేలాడదీసే తూకపు గుండు ఉంటుంది కదా, దాని దగ్గర. దేశాన్నంతా త్రికోణాలుగా కొలిచిన మహా సర్వేలో, హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానాకీ, మధ్య భారతంలోని కలియాన్‌పూర్‌కీ మధ్య దూరం రెండు రకాలుగా లెక్కిస్తే రెండు జవాబులు వచ్చాయి. నేల మీద కొలిచినదానికీ నక్షత్రాలు చూసి కట్టినదానికీ 5.236 సెకన్ల తేడా. సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. హిమాలయాలు తమ బరువుతో గుండును కాస్త పక్కకి లాగుతున్నాయని అనుమానం. కలకత్తాలో మతాధికారిగా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్ కూర్చుని లెక్కకట్టాడు. అంత పెద్ద కొండలు నిజంగా లాగితే తేడా 15.885 సెకన్లు రావాలి. వచ్చింది అందులో మూడో వంతు. అంటే కొండల కింద ఎక్కడో బరువు తక్కువగా ఉంది. ఎందుకు తక్కువో చెప్పడానికి ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త జార్జి ఏరీ ఒక దారి చూపించాడు: తేలే దుంగకి నీళ్లలో మునిగిన భాగం ఉన్నట్టు, కొండలకీ కిందికి దిగిన వేళ్లున్నాయి అని. ప్రాట్ మరో దారి చూపించాడు: కొండల కింద రాయే తేలిక అని. తర్వాత అమెరికాలో హేఫోర్డ్, బౌవీ అనే సర్వేయర్లు లెక్క సులువని ప్రాట్ నమూనా తీసుకుని దేశమంతా అన్వయించారు. అది బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. ఆ నమూనాలో ఖండాలు పక్కకి జరగడమన్నది ఇమడదు. సులువని ఎంచుకున్న లెక్క మెల్లగా నిజమై కూర్చుంది. నాకు ఒరెస్కెస్ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఈ ముక్కే. మూర్ఖత్వం వల్లో కుట్ర వల్లో కాదు, బాగా పనిచేసిన పనిముట్టు వల్లే ఒక తరం మొత్తం దారి తప్పింది.

ఖండాల కదలిక మనకెందుకు అంటారా? మన కొండల్ని చూడండి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఎర్రబారిన రాయి ఖోండలైట్. ఒకప్పటి బురద, బంకమట్టి భూమి లోతుల్లో ఉడికి గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు నిండిన గట్టి రాయిగా మారింది. కోణార్క గుడి ఎక్కువగా ఆ రాతితోనే కట్టారు. దానికా పేరు పెట్టింది టి.ఎల్.వాకర్. కలహండి కొండల్లో పనిచేస్తూ అక్కడి ఖోండుల పేరు పెట్టాడు. మన పార్వతీపురం వైపు జాతాపులు వాళ్ల దాయాదులేనని మానవశాస్త్రజ్ఞులు అంటారు. ఆ కొండల్లోనే దొరికే చార్నొకైట్ అనే రాయికి మాత్రం కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నొక్ సమాధి రాయి నుంచి పేరొచ్చింది. కొండ మనది, పేరు దొరగారి సమాధిది! సరే, అది వేరే తగువు. తూర్పు అంటార్కిటికాలో ఎండర్బీ, కెంప్ తీరాల రాళ్లూ మన తూర్పు కనుమల రాళ్లూ ఒకే వరసలోవని ఇప్పుడు తెలుసు. సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం రెండూ ఒకే కొండల పట్టీగా ఉడికాయి. తర్వాత చాలాకాలానికి విడిపోయాయి. వాటిని కలిపి ఉంచిన మహాఖండం పేరు గోండ్వానా, అదీ గోండుల నేల పేరే. సాలూరు ఘాట్‌లో బస్సు ఆగినప్పుడు పిల్లలు సెల్ఫీ తీసుకునే కొండచరియకి తోబుట్టువు మంచుఖండంలో ఉందని ఎవరైనా వాళ్లకి చెప్పారా? నేను చెప్పాను. నమ్మలేదు. ఎలా తెలిసిందో చెప్పలేదు కాబట్టి నమ్మలేదు.

ఒరెస్కెస్ తర్వాత చేసిన పని వల్ల ప్రపంచానికి తెలిసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియాగోలో పదిహేనేళ్లు, 2013 నుంచి హార్వర్డ్‌లో. 2004లో సైన్స్ పత్రికలో చిన్న వ్యాసం రాసింది. 1993 నుంచి 2003 వరకు వాతావరణ మార్పు మీద వచ్చిన 928 పరిశోధన పత్రాల సారాంశాలు చదివింది. మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందన్న మాటను నేరుగానో పరోక్షంగానో ఒప్పుకున్నవి నాలుగింట మూడు వంతులు. మిగతావి పద్ధతుల గురించో ప్రాచీన వాతావరణం గురించో రాసి, అటూ ఇటూ మాట్లాడనివి. కాదన్నది ఒక్కటీ లేదు. పత్రికల్లో మాత్రం శాస్త్రవేత్తలు రెండుగా చీలిపోయారన్న వార్తలు. ఈ చీలిక ఎక్కడినుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే దారి సిగరెట్టు కంపెనీల దగ్గర తేలింది. ఎరిక్ కాన్వే అనే చరిత్రకారుడితో కలిసి 2010లో ఆవిడ రాసిన పుస్తకం ఆ దారి గురించే. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడిగా చేసిన ఫ్రెడరిక్ సైట్జ్ లాంటి పెద్ద భౌతిక శాస్త్రవేత్త ముందు పొగాకు సొమ్ముతో నడిచిన పరిశోధనలకు పెద్దదిక్కయ్యాడు, తర్వాత వాతావరణ మార్పు మీద అనుమానాలు లేవదీశాడు. 1969లో ఒక సిగరెట్టు కంపెనీ లోపలి కాగితంలో రాసుకున్నారు: "అనుమానమే మన సరుకు."

ఆ ముక్క చదివినప్పుడు నాకు మా మామ్మ గుర్తొచ్చింది. శ్రీకాకుళం తీరం వైపు మా మామ్మ పుట్టిల్లు. అడ్డపొగ తాగేది. మీలో ఆ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. "గాలికి ఆరిపోదురా, వానకి తడవదు" అనేది. అంగిలి నల్లగా కమిలిపోయి ఉండేది. డాక్టరు మానెయ్యమంటే "మా యమ్మా తాగింది, మా యత్తా తాగింది, ఏటైపోనారు?" అని తగువుకొచ్చేది. సరిగ్గా ఆ అలవాటు మీదే మన శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో పత్రం వేశారు. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులూ కలిసి చేసిన పని. అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద ప్రపంచంలో ఎవరు రాసినా ఇప్పటికీ మన పల్లెల ఆ లెక్క దగ్గరికి రావలసిందే. అటు అమెరికాలో కంపెనీవాళ్లు అనుమానాన్ని సరుకు చేసి అమ్ముకుంటున్న రోజుల్లోనే, ఇటు మన ఇళ్ల ముంగిళ్లలో పరిశోధకులు టార్చిలైటు వేసి ముసలమ్మల నోళ్లు చూసి ఒక్కొక్కటీ రాసుకున్నారు. శాస్త్ర చరిత్ర అంటే గెలీలియో, న్యూటన్ అనుకుంటాం. ఇది కాదా? ఏ కళాశాలలోనైనా ఈ పత్రం సంగతి ఒక్క క్లాసులో చెప్పారా?

ఇప్పుడు నా అసలు మాటకి వస్తాను. మన పిల్లలకి శాస్త్రం తుది ఫలితంగా మాత్రమే చెబుతున్నాం. అది ఎలా తేలిందో, ఎన్నిసార్లు తప్పిందో, ఎవరు సరిదిద్దారో చెప్పడం లేదు. దాంతో నిజంగా తేలని విషయానికీ, తేలిపోయినా ఎవరో కావాలని తేలలేదంటున్న విషయానికీ తేడా పట్టుకునే అలవాటు వాళ్లకి అబ్బడం లేదు. రెండూ వాళ్లకి "అబ్బే, సైంటిస్టులే ఒక్క మాట మీద లేరు" అన్నట్టే వినిపిస్తాయి.

ఈ తేడా మనకి ఎంత అవసరమో ఉద్దానం చూస్తే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో కిడ్నీ జబ్బుతో బాధపడుతూ, డయాలసిస్ కోసం తిరిగేవాళ్లున్న పల్లెలున్నాయి. నీళ్లా, వేడిలో పనా, మందులా, పురుగుమందులా, పుట్టుకతో వచ్చిందా? ఇదీ కారణమని ఒక్కటి ఇంకా ఖాయంగా తేలలేదు. అది నిజమైన అనిశ్చితి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టింది అందుకే. సిగరెట్టు విషయంలో అనిశ్చితి మాత్రం డబ్బులిచ్చి తయారు చేసింది. రెండింటికీ ఒకే మాట వాడతాం: "ఇంకా రుజువు కాలేదు." 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అదే ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు మా మేనల్లుడు "ఇది గ్లోబల్ వార్మింగే మావయ్యా" అన్నాడు. పక్కింటాయన "అదంతా అబద్ధం" అన్నాడు. ఇద్దరూ తొందరపడ్డారు. ఒక్క తుపానును పట్టుకుని అలా తేల్చడం ఒకటి, భూమి వేడెక్కడం మరొకటి. ఆ రెంటినీ విడదీసి మాట్లాడటం నేర్పాల్సింది నేను. నేనూ నేర్పలేదు.

ఒరెస్కెస్‌ని నెత్తిన పెట్టుకోమని అడగడం లేదు. శాస్త్రవేత్త బజారులోకి దిగి రాజకీయం మాట్లాడకూడదని ఆవిడను తప్పుపట్టేవాళ్లున్నారు, వాళ్లవీ పిల్లలకి వినిపించండి. ఇంకో సంగతి. కంప్యూటర్లో కట్టిన భూజల నమూనాలనూ వాతావరణ నమూనాలనూ "ఇవి నిజమని రుజువు చేశాం" అనడం సాధ్యం కాదని 1994లో మరో ఇద్దరితో కలిసి గట్టిగా రాసిందీ ఆవిడే. అనుమానాన్ని అమ్ముకునేవాళ్లను ఎండగట్టిన మనిషే, అనుమానం లేకుండా మాట్లాడే ఇంజినీర్లనూ నిలదీసింది. అందుకే ఆవిడ మాట మీద నాకు గురి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎత్తేసిన కోర్సును తిరిగి తెమ్మని ఒత్తిడి చేయను. చేరే పిల్లలు లేకపోతే కళాశాలవాళ్లు మాత్రం ఏం చేస్తారు? కానీ ప్రతి సైన్సు డిగ్రీలో, అది కెమిస్ట్రీ కానివ్వండి, కంప్యూటర్లు కానివ్వండి, ఒక్క యూనిట్, పదిహేను గంటలు, ఈ నేల మీద జరిగిన శాస్త్రం కథకి ఇవ్వండి. కోడూరైట్ తగువు, తూకపు గుండు, అడ్డపొగ, ఉద్దానం, ఈ నాలుగూ చాలు. దయచేసి దాన్ని పుట్టిన తేదీలు, పురస్కారాల పట్టికగా మార్చకండి. "ఖోండలైట్‌కు ఆ పేరు పెట్టినదెవరు?" అని ఒక మార్కు బిట్టు ఇచ్చారంటే నేను రాసిందంతా వృథా. "ఫెర్మర్ దగ్గర అప్పుడున్న ఆధారాలివి. ఆ రోజుల్లో నువ్వే అక్కడుంటే ఏమనుకునేవాడివి? తర్వాత ఏది చూసి మనసు మార్చుకునేవాడివి?" అని అడగండి. జవాబు తప్పయినా ఆలోచన సరిగ్గా ఉంటే మార్కులు వేసే వీలు మూల్యాంకనంలో ఉండాలి. అది మన దగ్గర కష్టమని తెలుసు. నేను ముప్పై ఏళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లినవాణ్ణే. రోజుకి ఎన్ని పేపర్లు దిద్దించారో, జవాబు చదవకుండా పేజీలు చూసి ఎన్ని మార్కులు వేశామో మన మనస్సాక్షులకే తెలుసు.

దానికి తోడు ఏడాదికి ఒక్క రోజు పిల్లల్ని గరివిడి, కోడూరు గనుల దిబ్బల దగ్గరికో టెక్కలి గ్రానైటు క్వారీ దగ్గరికో తీసుకెళ్లండి. వాళ్ల చేతిలో రాయి పెట్టి, ఇదేమిటో చెప్పమనండి. పుస్తకం మూసి. గనిలో పాతకాలపు మేస్త్రీలు ఇంకా కొందరున్నారు, వాళ్లతో కూడా మాట్లాడించండి. రాయికి వాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

"ఉద్యోగాలొస్తాయా మాస్టారూ?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. యూనిట్ చదివితే ఉద్యోగం రాదు. నాకు జియాలజీ చదివినా చాలాకాలం రాలేదు.

ఆ బీరువా సంగతి చెప్పి ముగిస్తాను. ఇనుము తూకానికి పోయింది, దాన్ని ఆపలేకపోయాను. రాళ్లు మాత్రం ఆటోలో వేసుకొచ్చి మా ఇంటి వరండాలో పరిచాను. అటెండరు ఆదివారాలు వచ్చి కూర్చుంటాడు. లేబుళ్లు వానకి తడవకుండా తెల్ల కాగితం మీద తెలుగులో తిరగరాస్తున్నాం. నేను చెబుతుంటే అతను రాస్తాడు. అతని అక్షరాలు నా అక్షరాల కంటే బాగుంటాయి. కోడూరైట్ పక్కన "మన కోడూరే" అని కూడా రాశాడు, కొట్టెయ్యలేదు. అన్నీ అయ్యాయి గానీ రెండు రాళ్ల లేబుళ్లు చెదలు తినేశాయి. ఒకటి నల్లగా, మెరుపుతో, చేతికి బరువుగా ఉంది, అయస్కాంతానికి కొంచెం అంటుతోంది. వ్రెడెన్‌బర్గైట్ కావచ్చని నా ఊహ, గట్టిగా చెప్పలేను. రెండోది ఏమిటో నాకు అసలు అందడం లేదు. ఈ దారిన వచ్చినప్పుడు మీలో ఎవరైనా ఓసారి ఆగి చూడండి. రైలు దిగితే చీపురుపల్లి స్టేషన్ నుంచి ఆటోకి పావుగంట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియాలజీ అధ్యాపకుడు,
చీపురుపల్లి ప్రాంతం, విజయనగరం జిల్లా